బానలో పాట

"రేపు పొద్దున్నే తెలావి పట్నం వెళ్ళి అమ్మకానికి సంతకం పెట్టేస్తున్నాను. నువ్వు అరిచినా అంతే, అలిగినా అంతే," అన్నాడు రెజో, చొక్కా విప్పి మేకుకు తగిలిస్తూ.

ఒతార్ తమ్ముడి ముఖం చూడలేదు. కొట్టుగది నేలలో మెడదాకా పూడ్చిన క్వెవ్రి అనే నిలువెత్తు మట్టిబాన మూతి చుట్టూ మట్టి ఊడుస్తున్నాడు.

"కొనేవాడు ఈ బానలేం చేసుకుంటాడట?"

"హోటల్ కడతాడు. బానల పక్కన దీపాలు పెడితే వచ్చినవాళ్ళు ఫోటోలు దిగుతారట."

"మరి ద్రాక్షతోట?"

"నా వాటాలో తీగలు పీకించి ఈతకొలను తవ్విస్తాడు. చాలా? కడుపు నిండిందా?"

నిండలేదు, మండింది. తెల్లద్రాక్షను తొక్కి, తొక్కలూ గింజలూ తొడిమలతో సహా బానలో పోసి, చలికాలమంతా భూమిలో ఊరనిస్తే గానీ ఆ తేనెరంగు దిగదు, నాలుకను పట్టుకునే ఆ వగరు రాదు. ఆ పిప్పిని ఊళ్ళో అందరూ వైనుకు అమ్మ అనే అంటారు. మొన్న ఆ హోటలు పెద్దమనిషి గ్లాసు వెలుగుకు ఎత్తి, "తెల్ల వైనన్నారు, ఇదేమిటి టీ డికాషన్‌లా ఉంది?" అన్నాడు. దానికి రెజో, "మా అన్నది పాతకాలపు చాదస్తం లెండి. మీరు ఆ పిప్పంతా ముందే పారేయించండి," అని నవ్వాడు. ఒతార్‌కు తోట అమ్మకం కంటే ఆ నవ్వే ఎక్కువ గుచ్చుకుంది.

వైను నిన్ననే తోడేశారు. ఇక అడుగున మిగిలిన పిప్పి తీయాలి. ఒతార్ పొట్ట ఆ మూతిలో పట్టదు కాబట్టి, ఎన్ని గొడవలున్నా దిగాల్సింది రెజోనే. పులిసిన పిప్పిలోంచి వచ్చే గాలి కంటికి కనబడదు, మనిషిని అరవనివ్వకుండానే పడేస్తుంది. ఆ గాలి ఉంటే మంట ఆరిపోతుంది. అందుకని ఒతార్ కొవ్వొత్తిని తీగకు కట్టి లోపలికి దించాడు. మంట వంగింది. గోరంత అయింది. ఆరలేదు.

"వెలుగుతోందా?" అన్నాడు రెజో, చంకల కింద తాడు బిగించుకుంటూ.

"వెలుగుతోంది."

ఇంకెప్పుడైనా అయితే, గోరంత మంట చూశాక మర్నాటిదాకా ఆగమనేవాడు. ఇవాళ ఊరుకున్నాడు.

రెజో తాడు రెండో కొస అన్న చేతిలో పెట్టాడు. "ఇది నా ప్రాణం. పట్టుకున్నవాడివి పట్టుకున్నట్టే ఉండు. మధ్యలో ఈతకొలను గుర్తొచ్చి వదిలేసేవు."

ఒతార్ కొవ్వొత్తిని పైకి లాగేశాడు.

పెరట్లో రొట్టెల పొయ్యి దగ్గరనుంచి తల్లి ఎతేరి కేక వేసింది. "రెజో, పాట ఆపకురా. నీ పాట వినబడుతుంటేనే నా చెయ్యి ఆడుతుంది."

"ఆపనమ్మా. నువ్వు రొట్టెలు మాడ్చకు."

ఒక చెయ్యి పైకెత్తి, భుజాలు ముడుచుకుని, నిచ్చెన మీదుగా రెజో లోపలికి జారాడు. పాట మొదలైంది. ఆ బాన కడుపులో తిరిగి పైకొస్తుంటే అది రెజో గొంతులా లేదు, ఎవరో పెద్దాయన పాడుతున్నట్టుంది. బానలో దిగినవాడు పాడుతూనే ఉండాలి, పైనున్నవాడు వింటూనే ఉండాలి. నిరుడు పైవీధిలో ఒకాయన పాట ఆగింది. తాడు పట్టుకున్న కొడుకు ఏదో ఫోనొస్తే మాట్లాడుతూ గమనించలేదు. ఆ కొడుకు ఇప్పటికీ వీధిలో తలెత్తి నడవడు.

పిప్పి బకెట్ ఒకటి పైకొచ్చింది. ఎండు ఖుబానీల వాసన. ఇంకొకటి వచ్చింది. ఆ తర్వాత బకెట్ రాలేదు. పాట మధ్యలో తెగింది.

"రెజో" అని పిలవాలి. నోరు తెరిస్తే చాలు. తాడు లాగితే ఇంకా చాలు. ఒతార్ కదల్లేదు. చేతిలో తాడు వదులైంది. సంతకం ఉండదు, అనిపించింది. అమ్మ ఏడుస్తుంది, ఊరంతా వచ్చి ఏడుస్తుంది, తనూ ఏడుస్తాడు. అది నిజం ఏడుపే అవుతుంది. కానీ తోట ఉంటుంది. బానలు ఉంటాయి.

గుమ్మంలో నీడ పడింది. పిండిచేతులతో ఎతేరి నిలబడి ఉంది.

"పాట వినబడదేంరా, ఒతార్?"

"చరణం మరిచిపోయాడటమ్మా. గుర్తు చేసుకుంటున్నాడు."

ఆమె ముఖం విప్పారింది. "చిన్నప్పట్నించీ అంతే, వెధవకి రెండో చరణం నిలవదు," అంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ అబద్ధం తన నోట అంత తేలిగ్గా, అంత ముద్దుగా ఎలా వచ్చిందో ఒతార్‌కే అర్థం కాలేదు. వీడే కదా, నడక రాని రోజుల్లో తన వీపు మీద తోటంతా తిరిగినవాడు. దేవుడా, ఏం చేస్తున్నాను నేను, అనుకున్నాడు. తాడును రెండు చేతులా బిగబట్టి లాగబోయాడు.

అతను లాగకముందే తాడు కిందినుంచి కదిలింది. చీకట్లోంచి రెజో గొంతు, ఏ ఆయాసమూ లేకుండా, నెమ్మదిగా పైకొచ్చింది.

"రెండో చరణం గుర్తొచ్చిందన్నా. పాడమంటావా?"