ముగ్గురు పుస్తకాలు

“నన్ను పీకేసే కాగితం నాచేతే కొట్టించారు బాబాయ్. తప్పులుంటే దిద్దిపెట్టండి. ఐదింటికల్లా మేనేజరుగారి బల్లమీద ఉండాలట.”

టైపిస్టు కాగితం ఆయన ముందు పెట్టి అక్కడే నిలబడింది. ప్రెస్సులో అందరూ ఎర్రసిరా బాబాయ్ అని పిలిచే ప్రూఫ్‌రీడరు కళ్లజోడు తీసి తుడిచాడు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

“నువ్వేం చేశావమ్మా?” అన్నాడు. అడక్కుండా ఉంటే పోయేది.

“పరీక్షలో తప్పు పట్టుకోమని పిల్లలకిచ్చిన ప్రశ్నలో తప్పే లేకుండా చేశానట. ‘బల్లమీద ముగ్గురు పుస్తకాలు ఉన్నాయి’ అని ఉండాల్సింది, ‘మూడు పుస్తకాలు’ అని అచ్చయింది. లక్షమంది పిల్లలు లేని తప్పు కోసం జుట్టు పీక్కున్నారు. బోర్డువాళ్లు మనవాళ్లని దులిపేశారు. నేను సొంత తెలివి వాడానంటున్నారు. అంత తెలివే ఉంటే ఇక్కడెందుకుంటాను బాబాయ్? దిద్దిన కాగితంలో ఏముంటే అదే కొడతాను.”

ఆయనకి నవ్వొచ్చింది గానీ గొంతు దాటి రాలేదు. ప్రశ్న ఏమడిగిందో చూడకుండా, పుస్తకాలకి ముగ్గురేమిట్రా మీ మొహం అని తిట్టుకుంటూ ‘ముగ్గురు’ కొట్టేసి ‘మూడు’ అని రాసింది ఈ చెయ్యే. మొన్న మేనేజరు నిలదీస్తే, దాన్ని నేను ముట్టుకోనేలేదన్నది ఈ నోరే. ఎంత వెతికినా ప్రూఫ్ కాగితం దొరకలేదు కాబట్టి ఆయన మాటే నెగ్గింది.

చదివాడు. ‘ప్రశ్నను తనంతట తాను మార్చిన టైపిస్టును ఉద్యోగం నుంచి తొలగిస్తున్నాము.’

ఎర్రకలం ‘టైపిస్టు’ అన్న మాట మీదకి వెళ్లి ఆగింది. ఆగినచోట సిరా చుక్క ఊరింది. ఒక్క గీత. గీసి పక్కన ‘ప్రూఫ్‌రీడరు’ అని రాస్తే అయిపోతుంది. ఆ తర్వాత? ఈ వయసులో ఏ గుమ్మం ఎక్కాలి? ఇదంటే చిన్నపిల్ల, ఎక్కడో అక్కడ బతికేస్తుంది.

“ఏమైనా ఉందా బాబాయ్?”

“ఒక కామా.” పెట్టాడు.

“ఇంకేం లేదా? మళ్లీ ఓసారి చూడండి.”

“చూశాగా! ఎన్నిసార్లు చూడమంటావ్?” కసిరాడు. కసిరినందుకు ఇంకా సిగ్గేసింది. తల ఎత్తకుండానే అడుగున ‘తప్పులు లేవు’ అని రాసి సంతకం పెట్టాడు. ముప్ఫయ్యేళ్లుగా పెడుతున్న సంతకం మొదటిసారి వంకరపోయింది.

ఆ పిల్ల కాగితం తీసుకోలేదు. గోడ గడియారం కేసి చూసింది. కళ్లు తుడుచుకుని, చేతిలో ఉన్న ఇంకో కాగితం ఆయన ముందు పెట్టింది. దానికి గుండుసూదితో గుచ్చి ఉంది, ఎర్రసిరాతో ‘మూడు’ అని దిద్దిన పాత ప్రూఫ్.

“ఇది మిమ్మల్ని పీకేసే కాగితం బాబాయ్. ప్రూఫ్ మధ్యాహ్నమే దొరికింది. మొదటిదాంట్లో తప్పు మీరే పట్టుకుంటే రెండూ చింపెయ్యమన్నారు మేనేజరుగారు.”