యాభై మీటర్ల ఈత

"ఈడ 'అవును' అని ఎందుకు పెట్టినావు?" అన్నాడు హనుమంతరాయుడు, కూతురి ఫోను కళ్లకు దగ్గరగా పట్టుకుని.

చంద్రిక గతుక్కుమంది. ఇంగ్లీషు ఫారం నాయనకు ఏం అర్థమవుతుందిలే అనుకుంది. ఫోనులో ఏ భాషనైనా తెలుగులోకి మార్చి చదువుకోవడం ఆయనకు నేర్పింది తానేనన్న సంగతి మరిచిపోయింది. 'ఆగకుండా యాభై మీటర్లు ఈదగలరా?' అన్న ప్రశ్న పక్కన ఆమె పెట్టిన టిక్కు కనబడుతూనే ఉంది.

"అది ఊరికే అడుగుతారు నాయనా. శ్రీలంకలో మేం పోయే చోట నీళ్లు నడుము లోతే. నీళ్లల్లో తేలే జాకెట్టు కూడా ఇస్తారు. పెద్ద గాలిపటం పట్టుకుని, పలక మీద నిలబడి సముద్రంలో జారేది. అంతే."

"ఊరికే అడిగేదైతే నిజమే రాయి."

"నిజం రాస్తే రానియ్యరు."

"అయితే పోవద్దు."

ఆఫీసులో చంద్రికతో సహా నలుగురు ఆడపిల్లలు కలిసి ఏడాదిగా వేసుకుంటున్న ప్లాను ఇది. కొండ మీద తిరిగే గాలిమరలకు రిపేర్లు చేయడం వాళ్ల ఉద్యోగం. రోజూ ఎనభై మీటర్లు నిచ్చెన ఎక్కి దిగుతారు. ఆ ఎక్కడానికి హనుమంతరాయుడు ఏనాడూ అడ్డు చెప్పలేదు. పైగా బస్సులో పక్కన కూర్చున్న వాళ్లకల్లా 'ఆ మూడో ఫ్యాను మా పాపదే' అని చూపించేవాడు.

"అంత ఎత్తు ఎక్కనిస్తావు, నడుము లోతు నీళ్లల్లో దిగనియ్యవా?"

"ఎక్కేది నీకు వచ్చు. ఈత రాదు. నీకే కాదు, ఈ ఊర్లో నీ ఈడు వాళ్లకు ఎవురికి వచ్చునో చెప్పు."

ఊళ్లో బావులన్నీ వాళ్లు పుట్టకముందే ఎండిపోయాయి.

"మన కుంటలో నేర్చుకుంటా. ఇంకా ఇరవై దినాలు ఉండాది."

పొయ్యి దగ్గరున్న తల్లి లక్ష్మీదేవమ్మ పక్కున నవ్వింది. "కుంటలోనా? మీ నాయన నన్ను చెయ్యి కూడా కడుక్కోనియ్యడే ఆడ."

నిజమే. బోరు సన్నగా పోసే నీళ్లను ప్లాస్టిక్ పట్టా పరిచిన ఆ కుంటలో పట్టి, అక్కడి నుంచి డ్రిప్పు పైపుల్లో రెండు వందల చీనీ చెట్లకు, అదే బత్తాయికి, వదులుతాడు హనుమంతరాయుడు. ఆయనకు ఆ కుంట దేవుడి గదితో సమానం.

"ఉండేదే మోకాటి లోతు. కాయ నిమ్మకాయంత అయింది. ఇప్పుడు కుంట మాట ఎత్తొద్దు," అని ఫోను ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

చంద్రిక టిక్కు తీసేసింది. 'నేను రాలేను, మీరు పోయి రాండి' అని స్నేహితులకు మెసేజి పెట్టింది. నాయన అడిగిన దాంట్లో తప్పు లేదని ఆమెకు తెలుసు. అందుకే ఏడుపు ఇంకా ఎక్కువగా వచ్చింది.

ఆ మరుసటి రోజు నుంచి హనుమంతరాయుడు పొద్దున్నే సద్ది కట్టుకుని తోటకు పోతాడు. సాయంత్రం కళ్లు ఎర్రగా చేసుకుని వస్తాడు. తిని పడుకుంటాడు.

"ఏమైందో ఈ మనిషికి," అని లక్ష్మీదేవమ్మ సణిగింది. "ఫోనులో డేటా కూడా మధ్యాన్నానికే అయిపోతాందంట."

ఆదివారం పక్క తోట ముత్యాలప్ప వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏమ్మా, మీ బోరు గానీ పోయిందా? వారం నుంచి డ్రిప్పులో సుక్క నీళ్లు లేవు. చెట్లు ఆకు ముడుచుకుండాయి. అడిగితే మీ నాయన పలకడు."

ఆ సీమలో ఏ ఇంటికైనా ఇంతకంటే చెడ్డ కబురు లేదు. చంద్రిక చెప్పుల కోసం గబగబా లోపలికి పోయింది. గోడకున్న మేకు ఖాళీగా కనిపించింది. గాలిమర ఎక్కేటప్పుడు నడుముకు కట్టుకునే పొడవాటి తాడు, పాతదైందని కంపెనీ తీసేస్తే తాను ఇంటికి తెచ్చినది, ఎప్పుడూ ఆ మేకుకే ఉండేది.

"అమ్మా, తాడేది?"

"మీ నాయన తీసుకుపోయినాడు. ఏమిటికో చెప్పలేదు."

చంద్రిక మనసు పోకూడని చోటికి పోయింది. చెప్పులు వేసుకోకుండానే పరుగెత్తింది. బోరు ఎండిపోయి ఆయన లోపల్లోపల కుమిలిపోతుంటే, తాను సముద్రం కోసం ఏడుస్తూ కూర్చుంది. దారి పొడవునా అదే మాట అనుకుని తనను తాను తిట్టుకుంది.

తోటలో చెట్లు ముత్యాలప్ప చెప్పినట్టే ఉన్నాయి. "నాయనా!" అని పిలిచింది. బదులు లేదు. తాడు మాత్రం కనిపించింది. దాని ఒక కొస వేపచెట్టు మొదలుకు కట్టి ఉంది. రెండో కొస కుంట కట్ట మీదుగా అవతలికి దిగిపోయింది. కట్ట ఎక్కింది.

కుంట నిండా నీళ్లు. వారంగా చెట్లకు వదలనివన్నీ అక్కడే ఉన్నాయి.

కట్ట మీద రాయికి ఆనించిన ఫోనులో ఎవరో "ఊపిరి నోటితో పీల్చండి, నీళ్లలో వదలండి" అని చెబుతున్నారు. కుంట నడుమ హనుమంతరాయుడు, నడుముకు తాడు, వీపుకు రెండు ఖాళీ నూనె క్యాన్లు కట్టుకుని, కాళ్లూ చేతులూ టపటపా కొడుతున్నాడు. ఉన్నచోటి నుంచి జానెడు కూడా కదలడం లేదు.

చంద్రిక తాడు పట్టుకుని ఆయన్ను ఒడ్డుకు లాగింది. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"ఏం పని నాయనా ఇది? ఆడ చెట్లు ఎండిపోతాండాయి."

"ఇంకో రెండు దినాలు తట్టుకుంటాయిలే," అన్నాడు హనుమంతరాయుడు, ముక్కులోకి పోయిన నీళ్లు చీదుకుంటూ. "నీకు నేర్పాలంటే ముందు నాకు రావాల గదమ్మా."