మూడో పిలుపు

“ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్ఫై!”

విమానం నడవలో మోకాళ్ల మీద కూర్చుని, పెద్దాయన ఛాతీ నొక్కుతున్న ఎయిర్‌హోస్టెస్‌కి చెమటలు కారుతున్నాయి. ఉద్యోగంలో చేరి మూడు నెలలు. నోరు ఊరుకోదని తోటివాళ్లు ఆమెను చిలక అంటారు. ఇప్పుడా నోట అంకెలు తప్ప ఏమీ రావడం లేదు.

అరగంట క్రితం ఈయనే కిటికీ సీటు కోసం చిన్నపిల్లాడిలా పేచీ పెట్టాడు.

“నలభై ఏళ్లుగా ఇంట్లో నీ మాటే. ఆకాశంలోనైనా నా మాట నెగ్గనివ్వవే!”

భార్య నవ్వి జరిగింది. ముచ్చటేసి, చిలక వాళ్లకి టీతో పాటు ఒక బిస్కెట్టు ఎక్కువే పెట్టింది. అది సగం కొరికి అలాగే ఉంది.

“అరచెయ్యి కాస్త కిందికి జరుపమ్మా,” అంది ఆవిడ, భర్త మణికట్టు పట్టుకుని.

ఆదుర్దాలో అందరూ సలహాలిచ్చేవాళ్లే అనుకుంది చిలక. అయినా జరిపింది.

“ప్రయాణికుల్లో డాక్టర్లెవరైనా ఉంటే దయచేసి రండి.” మైకులో రెండో పిలుపు. ఎవరూ లేవలేదు.

సూపర్‌వైజరు గుండెకి షాకిచ్చే యంత్రం తెచ్చి అతికించాడు. ‘షాక్ అవసరం లేదు’ అంది యంత్రం. ఆవిడ కళ్లు మూసుకుంది.

“అక్కర్లేదందంటే మంచిదేనమ్మా,” అంది చిలక. అది పచ్చి అబద్ధం. షాక్‌తో సరిచేయడానికి గుండెలో కదలికే లేదని ఆ మాటకి అర్థమని శిక్షణలోనే చెప్పారు.

“అలాగా తల్లీ,” అంది ఆవిడ.

చిలక సూపర్‌వైజరు వైపు తిరిగి గొంతు తగ్గించింది. “అన్నా, ఒళ్లు చల్లబడుతోంది. ఆపేద్దామా?”

“అది మన చేతుల్లో లేదు. డాక్టరు చెబితేనే ఆపాలి. లేదంటే దిగేదాకా నొక్కాల్సిందే. జరుగు, నేనందుకుంటా.”

గుసగుసే అయినా ఆవిడ చెవిన పడింది.

“డాక్టరు చెబితేనా?”

“అవునమ్మా. మీరు దిగులుపడకండి, మేం ఆపం.”

ఆవిడ చేతి గడియారం చూసుకుంది.

“ఇంకో ఇరవై నిమిషాల్లో దిగిపోతామమ్మా,” అని ధైర్యం చెప్పింది చిలక.

మైకులో మూడో పిలుపు వినిపించింది. ఆవిడ కిటికీ వైపు తల తిప్పుకుంది. ఆయన పేచీ పెట్టి గెలుచుకున్న కిటికీ. బయట తెల్లటి మబ్బులు తప్ప ఏమీ లేవు.

విమానం ఆగగానే అంబులెన్స్ వాళ్లు ఎక్కారు. రెండు నిమిషాలు చూసి, దుప్పటి ముఖం మీదికి లాగారు.

ఆవిడ చిలక చేతులు తీసుకుంది. ఎర్రగా కందిపోయిన అరచేతులను నిమిరింది.

“నిన్ను చాలా కష్టపెట్టాను తల్లీ. క్షమించు.”

“మీరేం చేశారమ్మా!” చిలక భోరుమంది.

ఆవిడ దిగి వెళ్లాక సూపర్‌వైజరు నిట్టూర్చాడు. “పాపం, పిచ్చితల్లి. చివరిదాకా ఆశ పెట్టుకుంది.”

ఆవిడ నింపి ఇచ్చిన ఫారం ఫైల్లో పెట్టబోతూ చిలక ఒకసారి చూసింది. పేరు. చిరునామా. మృతుడికి ఏమవుతారు: భార్య.

వృత్తి అన్నచోట ‘డాక్టర్’ అని ఉంది.