జారని రాయి

“మెల్లగా పెట్టయ్యా కాలు!” గట్టుమీంచి అమల అరిచింది.

ఏబెల్ బూటుకాలు ఏటి నడుమ రాతిమీద ఆనింది. జారలేదు. నిరుడు అదే రాతిమీద జారి మొగుడు చెయ్యి విరగ్గొట్టుకున్నప్పటి నుంచి అమలకు గుండెల్లో దడే. మూడు రోజులు దబ్బనం పట్టి అతని బూట్ల అడుగున గోనెపట్టా కుట్టింది.

“సూస్తివా? నిలబెట్టినాను గదా నిన్ను!”

ఏబెల్ నవ్వలేదు. గాలం పక్కన పెట్టి, బూట్లు విప్పి, వట్టికాళ్లతో రాతిమీద నిలబడ్డాడు. అప్పుడూ జారలేదు.

“గోనె గాదు మే. రాతిమీద పాచే లేదు.”

“లేకుంటే మంచిదే గదా?”

“చేపలు తినేది దాన్నే గదా.” దోసిట్లోకి నీళ్లు తీసుకుని వాసన చూశాడు. “పైన మామిడిగుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు వొదిలిన నీళ్లు. పులిసిన కంపు.”

అమల నమ్మలేక ఏట్లోకి దిగి రాయిని తడిమింది. కొత్తగా గంట్లు కొట్టిన రోలులా గరుకుగా తగిలింది.

“వానొస్తే మళ్లా పడతాదిలే పాచి,” అంది.

ఏబెల్ గాలం దారం చుట్టుకుంటూ, విరిగి అతికిన చేతివంక చూసుకున్నాడు.

“నేను జారి పడిన దినం,” అన్నాడు, “బుట్టనిండా చేపలుండె మే.”