దేశం తరఫున జవాబు

“కింద సంతకం పెట్టండి, అంతే. మిగతాది మేం చూసుకుంటాం,” అంటూ ఇన్‌స్పెక్టర్ అరుణ్‌కుమార్ కాగితాన్ని రహీమా ఇంట్లోని కుట్టుమిషను మీదికి జరిపాడు.

రహీమా దాన్ని ముట్టుకోలేదు. “అండ్ల ఏం రాసిండ్రు సార్?”

ఇన్‌స్పెక్టర్ పక్కకు చూశాడు. స్టేషన్ రైటర్ ముత్తయ్య గొంతు సవరించుకుని చదివాడు. “నా కొడుకు యాసిర్‌ను పోలీసులు కొట్టలేదు. బండి మీది నుంచి పడి చెవికి దెబ్బ తగిలింది. ఐక్యరాజ్యసమితికి వెళ్లిన ఫిర్యాదు సంగతి నాకు తెలియదు.”

గోడకు ఆనుకుని కూర్చున్న యాసిర్ ఎడమ చెవి ఇటు తిప్పి వింటున్నాడు. కుడి చెవి వినబడక ఏడు నెలలైంది. అతను పనిచేసే విమానాశ్రయం కార్గో ఏజెన్సీలో ఒక పెట్టె కనబడకుండా పోతే, అనుమానం మీద తీసుకుపోయి రెండు రోజులు ఠాణాలో ఉంచారు. మూడో రోజు పెట్టె గోదాంలోనే దొరికింది. వినికిడి మాత్రం తిరిగి రాలేదు.

ఆ సంగతంతా ఎవరో రెండు పేజీల్లో టైపు చేసి, రహీమా ఉర్దూ సంతకంతో జెనీవాకు పంపించారు. చిత్రహింసల ఫిర్యాదులు చూసే అక్కడి నిపుణులు, అరవై రోజుల్లో వివరణ ఇమ్మని ఢిల్లీకి రాశారు. ఢిల్లీ రాష్ట్రాన్ని అడిగింది. రాష్ట్రం కింది ఆఫీసును అడిగింది. ఆ ఆఫీసు ఇంకా కింది ఆఫీసును అడిగింది. ఒక్కో టేబుల్ దగ్గర ఒక్కో కవరింగ్ లెటర్ తగిలించుకుంటూ ఆ కాగితం చివరికి ఏ ఠాణా మీద ఫిర్యాదో ఆ ఠాణాకే వచ్చి చేరింది. మన దగ్గర పద్ధతే అంత. యాసిర్‌ను కొట్టారా లేదా అన్నదానికి దేశం తరఫున ప్రపంచానికి ఇవ్వాల్సిన జవాబు ఇప్పుడు ముత్తయ్య రాయాలి. పైవాళ్లు ఏది అడిగినా ఇరవై రెండేళ్లుగా జవాబులు రాస్తున్నది అతనే.

“అసలు ఆ ఫిర్యాదు రాసిందెవరు?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“చెప్పను సార్.”

“తేదీలు, టైములు ఒక్కటి తప్పు పోలేదు. చదువుకున్నవాళ్ల పనే. తుక్కుగూడలో మీ చెల్లెలి కూతురు లా చదువుతోందట కదా?”

“నబీలా చిన్నపిల్ల సార్. ఆమెకేం తెల్వదు.”

“ఎవడో వకీలే అయ్యుంటడు సార్,” అన్నాడు ముత్తయ్య. తరువాత రహీమా వైపు తిరిగాడు. “అమ్మా, సార్ మంచిగ అడుగుతున్నరు. పేరు చెప్పు. లేకుంటే పిలగాడే పరేషాన్ అయితడు.”

“ఆ రెండు రోజులు మా రైటరూ స్టేషన్లోనే ఉన్నాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఏం ముత్తయ్యా, అరుపులేమైనా విన్నావా?”

“లేదు సార్. రిజిస్టర్ రాసుకుంటున్న.”

రహీమా అతని ముఖం వైపు చూడలేదు.

“చూడండమ్మా,” ఇన్‌స్పెక్టర్ గొంతు మెత్తబడింది. “చిత్రహింసలు ఉండకూడదన్న ఆ ఒప్పందం మీద మన దేశం తొంభై ఏడులోనే సంతకం చేసింది. ఇప్పటిదాకా ధ్రువీకరించలేదు. అంటే దానికి మనం కట్టుబడనక్కర్లేదు. వాళ్లు అడుగుతారు, మనం రెండు ముక్కలు రాసి పంపిస్తాం. ఏమీ జరగదు.”

“అంటే మంగ్నీ అయింది, నికా కాలేదు,” అంది రహీమా.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. “సరిగ్గా చెప్పారు.”

“మంగ్నీ చేసుకొని ఇన్నేండ్లు పెండ్లి తారీఖు పెట్టకుంటే, మా దిక్కు ఆ ఇంటికి పోయి అడుగుతరు సార్. అడిగెటోళ్లది తప్పని ఎవరు అనరు.”

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపి ఫైల్లోంచి ఇంకో కాగితం తీశాడు. యాసిర్ విమానాశ్రయం పాస్ పొడిగించడానికి ఠాణా ఇవ్వాల్సిన నివేదిక అది.

“ఎల్లుండితో ఇతని పాస్ గడువు అయిపోతుంది. మీరు సంతకం పెట్టకపోయినా పర్వాలేదు, రాసినవాడి పేరు చెప్పండి. నేను ఇక్కడే దీని మీద సంతకం చేసి వెళ్తాను. చెప్పకపోతే ప్రతికూలం అని రాయాల్సి వస్తుంది. ఆ తరువాత ఇతన్ని ఏ ఏజెన్సీ పెట్టుకోదు.”

కొత్వాల్‌గూడ మీదుగా దిగుతున్న విమానం రొదకు ఇంటి పైరేకులు అదిరాయి. రహీమాకు భయం వేసింది. ఇంటి కిరాయి, ఇంట్లో బియ్యం అన్నీ ఆ పాస్ మీదే నడుస్తున్నాయి. ఆమె కొడుకు వైపు చూసింది.

“పాస్ పోతే పోనియ్ అమ్మీ,” అన్నాడు యాసిర్. “సాయం చేసినోళ్ల పేరు మాత్రం చెప్పకు.”

ఆమెకు ఏడుపొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని కాగితాన్ని వెనక్కి జరిపింది. “పెట్టను సార్. చెప్పను కూడా.”

ఇన్‌స్పెక్టర్ నిలబడే నివేదిక మీద ‘ప్రతికూలం’ అని రాసి సంతకం చేశాడు. “ముత్తయ్యా, ఫిర్యాదుదారు విచారణకు సహకరించలేదని రాయి. నకలు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకుని రా.” ఫోను మోగితే మాట్లాడుకుంటూ బయటికి పోయి జీపెక్కాడు.

ముత్తయ్య మోకాలి మీద ఫైలు పెట్టుకుని గబగబా రాశాడు. నకలు చింపి ఇచ్చాడు. ముట్టినట్టు రహీమా సంతకం పెట్టింది. గుమ్మం దాకా వెళ్లి, జీపు అద్దాలు ఎక్కించి ఉన్నాయని చూసుకుని వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి ముత్తయ్యను అడిగింది.

“జెనీవాకు రెండో ఉత్తరం ఎప్పుడు రాస్తవ్ అన్నా?”