చౌరస్తా దాటితే గంట

జోగారావు చేతిలో విశాఖపట్నం విమానం టికెట్టు ఉంది, భుజాన సంచీ ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కదలడానికి మాత్రం ఏమీ లేదు.

తెలంగాణ బందు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. తన స్టీలు సామాన్ల కొట్టుతో సహా రోడ్డంతా షట్టర్లు దించి ఉంది.

విశాఖలో తండ్రి ఆఖరి ఘడియల్లో ఉన్నాడు. ఆకాశంలో అయిదు వందల కిలోమీటర్లు, గంట ప్రయాణం. దానికి భయం లేదు. భయమంతా విమానాశ్రయం దారిలో ఉన్న ఎల్బీనగర్ చౌరస్తా గురించే. అది నాలుగైదు కిలోమీటర్లే. అక్కడ కుర్రాళ్ళు బండ్లు ఆపి మాట్లాడిస్తున్నారట. జోగారావు కోస్తా యాస దాచినా దాగదు.

చెల్లెలు ఫోన్ చేసింది.

"విమానం ఎక్కితే గంటేనే అమ్మాయ్. ఆఖరి చూపుకి అందుకుంటాను, నాన్నని పలకరిస్తా ఉండండి" అని పెట్టేసి వెనక్కి తిరిగితే, ఆటో.

డ్రైవరు నడివయసు మనిషి. మెడలో జై తెలంగాణ కండువా.

విన్నాడా?

"యాడికి?" అన్నాడతను.

జోగారావు నోరు చూపించి, మూగవాణ్ణన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు. టికెట్టు చూపించాడు.

అతను టికెట్టు చూశాడు, జోగారావు మొహం చూశాడు.

"కూసోండ్రి."

దారంతా కాలిన టైర్ల కంపు. అతను మాత్రం నల్గొండ దగ్గర తన ఊరి గురించి, ఎండిన బోర్ల గురించి, కొలువుల్లేని పిల్లల గురించి చెబుతూనే ఉన్నాడు. జోగారావు తలూపుతూ, ఇతను తనను ఎవరికి అప్పగిస్తాడోనని లెక్కలు వేసుకుంటున్నాడు.

"గంటల గంత దూరం పోతరు" అని నవ్వాడతను. "గీ చౌరస్తా దాటుడే ముష్కిల్."

చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా బండరాళ్ళు. కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళు చుట్టుముట్టారు. ఒకడు లోపలికి వంగాడు.

"ఏ ఊరన్నా నీది? జర మాట్లాడు."

జోగారావు మళ్ళీ నోరు చూపించి చెయ్యి ఊపాడు.

"మూగాయన" అన్నాడు డ్రైవరు. "తండ్రి సావుబతుకుల ఉన్నడు. రాళ్ళు తియ్యుండ్రి."

విన్నాడు. అంతా విన్నాడు.

కుర్రాడు డ్రైవరును ఎగాదిగా చూశాడు. "నువ్వేనా అన్నా గీ మాట అనేది?"

"నేనే."

రాళ్ళు జరిగాయి.

విమానాశ్రయం దగ్గర అతను కిరాయి తీసుకోలేదు. అంతా తెలిసిన మనిషి ముందు కూడా జోగారావు మూగవాడిలాగే, పేరైనా అడగకుండా, దణ్ణం పెట్టి లోపలికి పరుగెత్తాడు.

తండ్రి కొడుకును కళ్ళారా చూసుకున్నాకే కన్నుమూశాడు.

పెద్దకర్మ అయ్యాక తిరిగొచ్చిన జోగారావుకు ఎల్బీనగర్‌లో ఆ ఆటో కనబడింది. పక్కనే చాయ్ అమ్ముతున్న సైదమ్మ అనే ఆవిడను, దాని డ్రైవరెక్కడని అడిగాడు. ఈసారి తన యాసలోనే.

"అంతయ్యనా? ఆటో మాది సార్. దుకాణాలు మూసిన్రా లేదా చూసొస్తనని ఆ దినం తీస్కపోయిండు."

అంతయ్య ఇప్పుడిక్కడ లేడనీ, చౌరస్తాలో తను నడిపించిన కుర్రాళ్ళే ఆయన్ని పక్కన పెట్టేస్తే మనసు విరిగి ఊరికి పోయాడనీ చెప్పింది.

"ఎందుకు?"

"అందరికి రోడ్డు బంద్ జేపిచ్చి, ఒక్కనికి తెరిచిండని."

జోగారావు లెక్క చూసుకున్నాడు: తనకు దక్కింది తండ్రి ఆఖరి చూపు, దాని ఖరీదు కట్టింది ఆ చౌరస్తాను మూయించిన మనిషే.