డీజిల్ వాల్వు దగ్గర మనిషి

ఆ ఏడు బజార్లో డీజిల్ డీలా పడింది, పెట్రోలు పెట్రేగింది. అందుకని ముడిచమురు కాచేటప్పుడు పెట్రోలుకూ డీజిల్‌కూ మధ్య దిగే పలచటి నూనెను ఆ రాత్రి నుంచి పెట్రోలు వైపు మళ్ళించమని, కోనసీమలోని ఆ చిన్న రిఫైనరీకి ఆర్డరొచ్చింది. కొత్తల్లుడి లాంటి నూనె అది, ఏ వైపు మర్యాద ఎక్కువైతే ఆ వైపు పోతుంది.

బయట వాన వెలిసింది. కప్పలు కూడా నోరు మూసుకున్నాయి. కంట్రోల్ రూములో షిఫ్టు ఇన్‌ఛార్జి ప్రసన్నకుమార్, బయట వాల్వులు తిప్పే లోవరాజు కోసం వాకీటాకీ అందుకున్నాడు.

"లోవరాజూ, డీజిల్ వాల్వు మూసి, పెట్రోలు వాల్వు తెరువు."

"డీజిల్ పూర్తిగా తెరిచేశానండి," అంది లోవరాజు గొంతు.

ఆ నూనె మోతాదు మించి పడితే డీజిల్ ట్యాంకంతా పెట్రోలులా భగ్గుమనే సరుకైపోతుంది.

"మూసెయ్ ముందు!" అని అరిచాడు ప్రసన్నకుమార్.

"ఎవర్నండీ తిడుతున్నారు?" టీ గ్లాసులతో తలుపు తోసుకుని లోవరాజు లోపలికొచ్చాడు. అతని వాకీటాకీ గోడ దగ్గర ఛార్జింగులో ఉంది.

ప్రసన్నకుమార్‌కి అంతా అయోమయమైపోయింది. "మరి అక్కడెవడు?"

చేతిలో సెట్టు గరగరలాడింది. "ఇంకా తిప్పమంటారాండి?" అదే లోవరాజు గొంతు, చివర్లో అతనికి అలవాటైన పొడి దగ్గు.

తెర మీద డీజిల్ ట్యాంకు మట్టం పెరుగుతూనే ఉంది. ఆ వాల్వును ఎవరో ఒకరు వెళ్ళి చేత్తో మూయాల్సిందే.

"పరిగెత్తవయ్యా! వెళ్ళి మూసెయ్!"

లోవరాజు గ్లాసులు బల్ల మీద పెట్టి, కిటికీలోంచి చీకట్లోకి చూశాడు.

"అక్కడ నేనున్నాను కదండీ," అన్నాడు మెల్లగా. "ఆయనకే చెప్పండి."